మట్టల ఆదివారం ఆట

మొన్న రాయచూరు నుంచి లింగసుగూరు వెళ్తుంటే కల్మల దాటిన కాసేపటికి బస్సు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప పడేసి రైతులు కూర్చున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కండక్టరు దిగి కనుక్కొచ్చి, "కాలువ ఆఖరి పొలాలకు నీళ్ళు వస్తలేవంట. ఇంజినీరు సాబ్ వచ్చెదాంక లేవరంట" అన్నాడు. బస్సులో అందరూ విసుక్కున్నారు. నేను మాత్రం కిటికీలోంచి ఆ మనుషుల చేతులకేసి చూశాను, కర్రలున్నాయేమోనని. లేవు. అయినా నా అరచేతులకి చెమట పట్టింది. ఇన్నేళ్ళ తర్వాత, ఈ వయసులో కూడా.

మేము కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. కాలవ కింద భూములు చవగ్గా దొరుకుతున్నాయని విని, అక్కడ చారెడు పొలం అమ్మి ఇక్కడ చేటడు పొలం కొన్నానని నాన్న చెప్పుకునేవాడు. మాలాంటి కుటుంబాలన్నీ ఒకచోట ఇళ్ళు వేసుకున్నాయి. ఆ చోటుకి ఊరి పేరంటూ లేదు, అందరూ క్యాంపు అనేవారు. చుట్టూ నల్లరేగడి. వాన పడితే కాలు తీసినప్పుడల్లా చెప్పు కిందే ఉండిపోయేది. "ఈ మట్టి పట్టుకుంటే వదలదే, మనం వెనక్కి పోయేది లేదు" అని నాయనమ్మ రోజుకోసారి అనేది. ఆ మాటలో తిట్టు ఎంతో, ఒప్పుకోలు ఎంతో నాకు తెలిసేది కాదు.

మా క్యాంపుకి నీళ్ళిచ్చే పిల్లకాలవ మమ్మల్ని దాటి ఇంకా కిందికి పోయి ఒక పాత ఊరి దగ్గర ఆగిపోయేది. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా అక్కడివాళ్ళే. మాట్లాడేది తెలుగే అయినా మా తెలుగు కాదు. మేము తూము అంటే వాళ్ళు తూబు అనేవారు. ఆ ఊరికీ మా క్యాంపుకీ నడుమ, కాలవ గట్టుకి కొంచెం ఎడంగా, చర్చి ఉండేది. కాలవ రాకముందు నుంచీ ఉన్న చర్చి.

ఆ చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య పంతులమ్మ ట్రైనింగులో బాస్కెట్‌బాల్ నేర్చుకుందట. చర్చి వెనకాల మొరం పోయించి, నీళ్ళు చల్లించి, దిమ్మిసతో కొట్టించింది. రెండు తుమ్మ మొద్దులు పాతించి కమ్మరితో ఇనుప రింగులు చేయించింది. ఆడపిల్లలు ఎవరైనా, ఏ మతమైనా, ఆదివారం సాయంత్రం ఆడుకోవచ్చని చాటించింది. మొదట్లో ఎవరూ పోలేదు. తర్వాత మా క్యాంపు పిల్లలం గోడవతల నిలబడి చూడ్డం మొదలుపెట్టాం. తర్వాత గోడ దూకాం.

పిల్లలు ఎక్కువయ్యాక ఆవిడ నాలుగు జట్లు చేసింది. క్యాంపు వాళ్ళంతా ఒక జట్టు, కింది ఊరివాళ్ళంతా ఒక జట్టు అని మేము ముందే లెక్క వేసుకున్నాం. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఊరికొక టీము పెడితే ఊర్లు కొట్లాడుతయి బిడ్డా, పిల్లలు ఆడరు" అంది.

రిబ్బను రంగుల్ని బట్టి జట్లు పంచింది. అలా పసుపు రిబ్బను జట్టులో నా పక్కన వచ్చి పడింది కింది ఊరి పిల్ల ఒకతి. నా ఈడుదే గాని నాకంటే జానెడు పొడుగు. అందరూ పొడుగుపిల్ల అనేవారు, నేనూ అదే అనేదాన్ని. లంగా కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, జడ మడిచి రిబ్బనుతో బిగించి అది రింగు కిందికి వచ్చిందంటే నేను కళ్ళు మూసుకుని బంతి విసిరినా అందుకునేది.

ఆ బంతి వాసన నాకిప్పటికీ తెలుసు. తోలు ఎండిపోకుండా పాస్టరమ్మ దానికి శేంగనూనె రాయించేది. ఆట అయ్యాక మా చేతులు వేయించిన పల్లీల్లా వాసన వేసేవి. పొడుగుపిల్ల గుడ్డలో కట్టుకొచ్చిన జొన్నరొట్టె, పుండికూర అని వాళ్ళు పిలిచే గోంగూర నాకు పెట్టేది. నేను మా ఇంటి ఆవకాయన్నం ఆకులో చుట్టుకుని పోయి దానికి పెట్టేదాన్ని. కారానికి దాని కళ్ళ నీళ్ళు కారేవి, అయినా వేళ్ళు నాకేది. ఒకసారి అది విసిరిన బంతి రింగుని కాక చర్చి గంటని కొట్టింది. గంట మోగించే ముసలాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ప్రార్థనకి వేళైందని పరిగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత మా జట్టుకి గురి తరచుగా తప్పుతూ వచ్చింది. పాస్టరమ్మ కనిపెట్టి మా ఇద్దరిచేతా ఆవరణంతా ఊడిపించింది.

పొడుగుపిల్లకి ఒక అన్న ఉండేవాడు. మీసాలు అప్పుడే వస్తున్నాయి. రింగులకి జనపతాడుతో వలలు అల్లి కట్టింది అతనే. చెల్లెల్ని సైకిల్ మీద దింపడానికి వచ్చి, ఆట అయ్యేదాకా గోడమీద కూర్చునేవాడు. చీకటి పడేలా ఉంటే నన్ను కూడా ముందు కడ్డీ మీద ఎక్కించుకుని క్యాంపు మలుపు దాకా దింపేవాడు. "ఏంటండీ క్యాంపుపిల్లగారండీ, ఎక్కడికండీ" అని మా యాసని ఎక్కిరించేవాడు. నాకు అన్నలు లేరు. ఆ ఎక్కిరింపు కోసమే నేను ఆలస్యం చేసేదాన్ని.

నాయనమ్మకి ఈ ఆట గిట్టదు. "ఆడపిల్లవా, అడివిపిల్లవా? ఆ గెంతులేంటే?" అనేది. చర్చిలో నీళ్ళలో ముంచి మతం మార్చేస్తారని ఆమె భయం. నన్ను కాపలా కాయడానికని చాప చంకన పెట్టుకుని ప్రతి ఆటకీ వచ్చేది. క్యాంపు ఆడవాళ్ళందరితో కలిసి ఒకవైపు కూర్చునేది. కింది ఊరి ఆడవాళ్ళు ఎదుటివైపు కూర్చునేవారు. పిల్లలం కలిసిపోయాం గాని వాళ్ళ మధ్య ఆ ఆటస్థలం వెడల్పు అలాగే ఉండేది.

ఆ ఏడు రెండో పంటకి నీళ్ళు తగ్గాయి. మా వరి పొట్టమీద ఉంది, రేపో మాపో ఈనుతుంది. సాయంత్రం మా వాకిట్లో మగవాళ్ళు చేరితే ఒకటే మాట. "ఈ తడి తప్పిందంటే తాలు తప్ప గింజుండదు." కింది ఊరివాళ్ళు కూడా కాలవని నమ్మి మొదటిసారి వరి వేశారు. వాళ్ళ చేలు నెర్రెలిచ్చాయని పొడుగుపిల్ల చెప్పింది. నెర్రెలో తన చెయ్యి మణికట్టు దాకా దిగిందని చూపించింది. మా తూము దగ్గర కాలవకి అడ్డంగా పలకలు వేసి, సందుల్లో గడ్డి కుక్కింది మావాళ్ళేనని నాకు తెలుసు. కాలవ కాపలా చూసే లస్కరు వచ్చి తీయించేవాడు, అతను పోగానే మావాళ్ళు మళ్ళీ వేసేవారు. కొన్నాళ్ళకి లస్కరు రావడం మానేశాడు.

ఆఖరి ఆట మట్టల ఆదివారం నాడు పడింది. ఈస్టరుకి ముందు ఆదివారం, చర్చివాళ్ళు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరేగే రోజు. ఆ రోజు పొద్దున నేను కుడితి పొయ్యడానికి పశువుల కొట్టం దగ్గరికి పోయాను. లోపల నాన్న, బాబాయి, ఇంకో ఇద్దరు ఉన్నారు. బాబాయి వెదురు కర్రలకి ఆముదం పట్టిస్తున్నాడు.

"కింది ఊరివాళ్ళు సాయంత్రం ఆట వేళకి వస్తారంట. పలకలు పీకి పారేస్తారంట" అన్నాడు బాబాయి.

"రానియ్యి. మనకి తెలిసిందని వాళ్ళకి తెలీదు. జనుపచేలో కూర్చుందాం" అన్నాడు నాన్న. కోపంగా కాదు, రేపు నాట్లు వేద్దాం అన్నంత మామూలుగా అన్నాడు. నేను కుడితి బానతో చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నాన్న అమ్మతో, "అందరూ ఆటకి వెళ్ళండి. అమ్మని కూడా తీసుకెళ్ళు. పక్కిళ్ళ వాళ్ళకీ చెప్పు" అన్నాడు. ఆ ఆట మాట ఎత్తితేనే మొహం చిట్లించే నాన్న. అమ్మ ఆయన మొహంలోకి చూసి చెంబు కడగడానికి పోయింది. నేను పసుపు రిబ్బను కట్టుకుంటుంటే ముడి పడలేదు. నాయనమ్మ లాక్కుని కట్టింది.

చర్చి దగ్గర గోడకీ గుంజలకీ ఈతమట్టలు కట్టారు. ఎండకి అవి వాడి పచ్చి వాసన వేస్తున్నాయి. ఎప్పుడూ ఉండేంతకంటే రెట్టింపు జనం. అంతా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు. కింది ఊరివైపు కూడా ఒక్క మగమనిషి లేడు. గోడమీద పొడుగుపిల్ల అన్న లేడు. పాస్టరుగారు పక్క ఊరిలో ప్రార్థనకి పోయారు. రెండు ఊళ్ళ మగవాళ్ళూ ఒకే ఆలోచన చేసి తమ ఆడవాళ్ళని ఒకేచోటికి తోలారని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఖాళీగా ఉన్న ఆ గోడ కేసి మాత్రం మాటిమాటికీ చూస్తూ ఉన్నాను.

ఆట మొదలైంది. మాకు ఎదురు ఎర్ర రిబ్బను జట్టు. నేను వేసిన మొదటి బంతి పొడుగుపిల్ల చేతుల్లోంచి జారిపోయింది. రెండోదీ అంతే. అది రింగుకేసి చూడ్డం లేదు, కాలవగట్టు కేసి చూస్తోంది. నేనూ అటే చూస్తున్నాను. ఎర్రజట్టు వాళ్ళు వరసగా బుట్టలో వేస్తూనే ఉన్నారు. "ఏమైందే మీ ఇద్దరికీ?" అని మా జట్టు పిల్లలు అరుస్తున్నారు. పొడుగుపిల్ల కళ్ళు నా కళ్ళతో కలిసినప్పుడల్లా ఇద్దరం తల తిప్పుకున్నాం. దానికి ఏదో తెలుసు. నాకు తెలిసిందే దానికీ తెలుసునా అన్నది నాకు తెలియలేదు.

సగం ఆటకి విజిల్ పడింది. ఉప్పు అద్దిన నిమ్మబద్దలు పంచారు. పొడుగుపిల్ల నా చెయ్యి పట్టుకుని నీళ్ళబాన వెనక్కి లాక్కుపోయింది.

"మీ నాయిన ఏడున్నడు?"

"ఇంట్లో" అన్నాను.

"ఇయ్యాల తూబు కాడికి పోవద్దని చెప్పు. జల్దీ పోయి చెప్పు. మావోళ్ళు వస్తున్నరు, గడ్డపారలు పట్టుకొని. నేను చెప్పిన్నని అనకు." దాని పెదవులు తెల్లబడి ఉన్నాయి. వాళ్ళవాళ్ళ రహస్యం నాకు చెప్పేసింది, మా నాన్న కోసం.

నేను నిమ్మబద్ద నోట్లోంచి తీసేశాను. "మావాళ్ళకి తెలుసు" అన్నాను.

"ఏంది తెలుసు?"

"మీవాళ్ళు వస్తారని. పొద్దున్నే తెలుసు. కర్రలు పట్టుకుని జనుపచేలో కూర్చున్నారు."

అది కాలవగట్టు కేసి తిరిగింది. "మా అన్న అందరికన్న ముందల పోతుండు" అంది.

విజిల్ మళ్ళీ పడింది. మేము కదల్లేదు. రెండోసారి పడ్డాక పాస్టరమ్మ కేకేస్తే వెళ్ళి మా చోట్లలో నిలబడ్డాం. బంతి పైకెగిరింది. పొడుగుపిల్ల దాన్ని అందుకుని నాకు వేసింది. బంతి నా చేతుల్లో ఉంది, ఎదర ఎవరూ లేరు, రింగు అక్కడే ఉంది. నేను బంతి కింద పెట్టి గీత దాటి నాయనమ్మ దగ్గరికి నడిచాను.

"నాయనమ్మా, నాన్నవాళ్ళు తూము దగ్గర కర్రలు పట్టుకుని దాక్కున్నారు. కింది ఊరివాళ్ళు వస్తున్నారు."

ఆవిడ నోట్లో ఆకు నమలడం ఆపింది. "ఎవరు చెప్పారే?"

"నేనే విన్నాను."

అమ్మ తల దించుకుంది. నాయనమ్మ అమ్మ కేసి ఒకసారి చూసి, ఆకు పక్కకి ఉమ్మి లేచింది. గోడవెంట చుట్టూ తిరిగి పోతుందనుకున్నాను. ఆవిడ తిన్నగా ఆటస్థలం మధ్యలోంచి నడిచింది. ఎర్రజట్టు పిల్ల ఎవరో నేను వదిలేసిన బంతి తీసుకుని అప్పటికే పరుగెడుతోంది. ఆవిడ ఆగలేదు. బంతి ఆవిడ భుజం పక్కనుంచి పోయింది. పాస్టరమ్మ విజిల్ ఊది ఆట ఆపింది. నాయనమ్మ ఎదుటివైపు వెళ్ళి, ఎన్నాళ్ళుగానో ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారీ పలకరించని పొడుగుపిల్ల వాళ్ళమ్మ ముందు నిలబడింది.

"ఏమ్మా, మీవాళ్ళూ మావాళ్ళూ తూము దగ్గర కొట్టుకు చావబోతున్నారంట. మావాళ్ళు కర్రలతో కాచుకున్నారు. వస్తావా?"

పొడుగుపిల్ల వాళ్ళమ్మ చటుక్కున లేచింది. భయపడుతుందనుకున్నాను. ఆమెకి కోపం వచ్చింది. "మీరు నీళ్ళు ఇడిస్తే మావోళ్ళు గిట్ల ఎందుకు పోతరు? మా చేను ఎండుతుంటె మీ చేన్ల కప్పలు అరుస్తున్నయి. రాత్రంత ఇంటున్నం."

"ఆ మాట అక్కడికొచ్చి నా కొడుక్కి చెప్పు" అంది నాయనమ్మ.

ఇద్దరూ బయల్దేరారు. వాళ్ళ వెనక రెండువైపుల ఆడవాళ్ళూ లేచారు. ఏ వైపు వాళ్ళు ఎవరో ఇక తెలియలేదు. పాస్టరమ్మ చిన్నపిల్లల్ని చర్చిలోకి పంపి తలుపేయించి తను కూడా వచ్చింది. పొడుగుపిల్లా నేనూ చేతులు పట్టుకుని అందరికంటే ముందు పరుగెత్తాం. కాలవగట్టు మీద ఎండ కాళ్ళని కాలుస్తోంది. జనుపచేను మలుపు తిరగకముందే అరుపులు వినిపించాయి. అరుపుల కంటే కర్రకి గడ్డపార తగిలిన చప్పుడు ముందు వినిపించింది. పొడుగుపిల్ల నా చెయ్యి వదిలేసింది.

మేము పోయేసరికి పొడుగుపిల్ల అన్న గట్టుమీద పక్కకి పడి ఉన్నాడు. ఎడమ చెవి మీదుగా నెత్తురు కారి మట్టిలోకి ఇంకుతోంది. గడ్డపార దూరంగా పడి ఉంది. నాన్న, బాబాయి, ఇంకో ఇద్దరు కర్రలు పట్టుకుని అతనికి కొంచెం అవతల నిలబడ్డారు. కింది ఊరివాళ్ళు గడ్డపారలు ఎత్తి వాళ్ళని చుట్టుముడుతున్నారు. ఇంకొక్క అడుగు ఎవరు వేసినా ఇంకొకరు పడిపోయేవారు. పొడుగుపిల్ల ఆ మధ్యలోకే దూరి అన్న మీద పడి అతని తలని ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడే ఆడవాళ్ళు వచ్చి చేరారు.

మగవాళ్ళు మమ్మల్ని చూసి బిక్కచచ్చిపోయారు. ఎవరి తల్లి ఎవరి పక్కన ఉందో, ఎవరి భార్య ఎటు నిలబడిందో వాళ్ళకి అంతుపట్టలేదు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

పొడుగుపిల్ల వాళ్ళమ్మ కొడుకు పక్కన కూర్చుని కొంగుతో గాయం అదిమింది. అతను మూలిగాడు. బతికే ఉన్నాడని తెలిశాక ఆమె తలెత్తి నాన్న కేసి చూసింది.

"నీకు చెప్పుమని మీ అమ్మ నన్ను తోల్కొచ్చింది. చెప్తున్న ఇను. మీరు నీళ్ళిస్తే నా కొడుకు ఈడికి ఎందుకొస్తుండె?"

నాయనమ్మ పోయి తూము అరుగుమీద కూర్చుంది. ఆయాసంతో ఆవిడ రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

"పలకలు తియ్యరా" అంది.

"అమ్మా, చేను పొట్టమీదుంది..."

"వాళ్ళదీ పొట్టే. తియ్యి."

నాన్న అలాగే నిలబడ్డాడు. నీళ్ళు పలకల సందుల్లోంచి చిమ్ముతున్న చప్పుడొకటే వినబడుతోంది. తర్వాత నాన్న కర్ర కింద పడేసి, పంచె ఎగ్గట్టి, మొలలోతు నీళ్ళలోకి దిగాడు. మొదటి పలక గుంజాడు. అది రాలేదు. కింది ఊరివాడొకడు దిగి రెండో కొస పట్టుకున్నాడు. పలక ఊడి నీళ్ళు ఒక్కసారిగా కిందికి దూకాయి. ఎవరూ కేకలు పెట్టలేదు, సంతోషపడలేదు. అందరి చూపూ గట్టుమీద పడుకున్న కుర్రాడి మీదే ఉంది.

మా బండి కట్టారు. అడుగున గడ్డి పరిచి అతన్ని పడుకోబెట్టారు. పాస్టరమ్మ, వాళ్ళమ్మ ఎక్కారు. రాయచూరు పెద్దాసుపత్రి దాకా ఎడ్లని తోలింది నాన్నే. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మూడోనాడు గడ్డం మాసి ఇంటికి వచ్చి, "బతికాడు" అని ఒక్క మాట చెప్పి పడుకున్నాడు.

పెద్దవాళ్ళు చర్చి వరండాలోనే కూర్చుని నీళ్ళకి వంతులు పెట్టుకున్నారు. పోలీసులదాకా ఎవరూ పోలేదు. ఆ పంట మాకు సగమే వచ్చింది, వాళ్ళకి సగానికంటే తక్కువ వచ్చింది. ఆ మరుసటి ఏడు వంతుల మీద మళ్ళీ గొడవలు జరిగాయి గాని కర్రలు మాత్రం ఎవరూ తీయలేదు. కొట్టంలో నాన్నవాళ్ళు అన్న మాటలు ఎవరు విని చెప్పారని బాబాయి కొన్నాళ్ళు ఇంట్లో ఆరా తీశాడు. "నాకు చెవుల్లేవురా? నేనే విన్నాను" అంది నాయనమ్మ. ఆవిడ పోయేదాకా ఆ మాట మార్చలేదు.

ఆఖరి ఆట అలాగే ఆగిపోయింది. పాస్టరమ్మ మళ్ళీ ఆడిద్దామంది గాని రెండు ఊళ్ళలోనూ పిల్లల్ని పంపలేదు. తర్వాత ఏడు పాస్టరుగారికి బదిలీ అయింది. పొడుగుపిల్లా నేనూ మాత్రం ఒకరి దగ్గరికొకరం పోవడం మానలేదు. మొదట్లో దొంగతనంగా, తర్వాత అందరికీ తెలిసే. దాని పెళ్ళికి నేను పసుపు దంచాను. నా పెళ్ళికి అది మా ఇంట్లో వారం ఉంది. ఆ రోజు గట్టుమీద చూసిన దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అక్కడ నాలుగు కర్రలున్నాయి. వాటిలో ఏది తగిలిందో అది నన్ను అడగలేదు. నేను నాన్నని అడగలేదు. అడిగితే చెప్పేవాడే అనిపించేది, అందుకే అడగలేకపోయాను.

వాళ్ళ అన్నకి ఎడమచెవి వినపడకుండా పోయింది. మిగతా మనిషి మామూలుగానే కోలుకున్నాడు, వ్యవసాయం చేశాడు, పెళ్ళి చేసుకున్నాడు. సంతకి పోతూ వస్తూ మా వాకిట్లో సైకిల్ ఆపేవాడు. నాన్న ఏ పనిలో ఉన్నా లేచి మంచం వాల్చేవాడు, అమ్మ మజ్జిగ తెచ్చేది. వానల గురించో ఎరువు గురించో రెండు మాటలు అనుకునేవారు, తర్వాత ఊరికే కూర్చునేవారు. ముసలితనంలో నాన్నకి చూపు మందగించి, గోడ పట్టుకుని నడిచే రోజుల్లో కూడా, అతను వచ్చి కూర్చున్నాడంటే చేత్తో మంచం తడుముకుంటూ అవతలికి తిరిగిపోయి అతనికి కుడిపక్కన కూర్చునేవాడు.